ఎనభై ఎనిమిది నంబరు చొక్కా

నెబ్రాస్కాలో ఒక చిన్న కాలేజీ. ఏప్రిల్ నెల, బుధవారం మధ్యాహ్నం. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం మెట్ల కింద, ఆటగాళ్ల బట్టలుతికే గది. ఆ గదికి పెద్దదిక్కు వెల్డా. ఎదురుగా స్టూలు మీద లైల్, ఒక ప్రొఫెషనల్ టీముకి కుర్రాళ్లను వెతికిపెట్టే స్కౌటు.

“‘పొడుగ్గా ఉంటాడు’ అంటే ఎలా వెల్డా? పొడుగ్గా ఉంటాడని నాకూ తెలుసు. నా టేపుతో నేనే కొలిచాను. ఆరడుగుల ఐదంగుళాలు.”

“మరి ఇంకేం కావాలి?”

“మనిషి ఎలాంటివాడో కావాలి. కీటన్ రాష్ అనే మనిషి. రేపట్నించి డ్రాఫ్ట్.”

“ఆఁ, తెలుసు. ముప్పై రెండు టీములు వరసలో నిలబడి, సంతలో దూడల్ని ఏరుకున్నట్టు కాలేజీ కుర్రాళ్లని ఏరుకునే పండగ.”

“ఆ పండగలోనే, మూడో రౌండులో మా వంతు రాగానే కీటన్ రాష్ పేరు చెప్పమని ఆర్నెల్లుగా మా ఆఫీసులో బల్ల గుద్దుతున్నాను. బల్లకి చీలిక వచ్చింది. ఆఖరిసారి నీ నోటితో కూడా వినిపోదామని నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాను.”

“కొలాచీలు తెచ్చావా?”

“తేకుండా ఈ గది గడప ఎప్పుడైనా తొక్కానా? ఇదిగో. గసగసాల బన్నులు ఆరు, ఆప్రికాట్‌వి ఆరు.”

“చక్కెర పొడి మరీ ఎక్కువ చల్లారు... సరే, మెత్తగానే ఉన్నాయి. అడుగు.”

“మురికి బట్టలు బుట్టలో వేస్తాడా, నేల మీద పడేస్తాడా?”

“బుట్టలోనే. మేజోళ్లు తిరగేసి మరీ.”

“తువాళ్లు?”

“రోజుకి రెండు. ఒకటి ఒంటికి, ఒకటి జుట్టుకి.”

“జుట్టుకి వేరేనా?”

“ఆ జుట్టు చూశావుగా. దానికొక నంబరిచ్చి ఆడించొచ్చు.”

“నీతో మర్యాదగా ఉంటాడా?”

“‘గుడ్ మార్నింగ్ మేడమ్’ అంటాడు. మధ్యాహ్నం మూడింటికి కూడా గుడ్ మార్నింగే.”

“అప్పుడే నిద్రలేస్తాడా?”

“అలా అని నేనన్నానా?”

“రాసుకోనా?”

“రాసుకో. నా పేరు రాయకు.”

“తాగుతాడా?”

“లైల్, ఈ ఊళ్లో బాప్తిస్మం విందులోనే బీరు పీపా తెరుస్తారు. తాగనివాడెవడైనా ఉంటే వాణ్ని అనుమానించు.”

“అమ్మాయిలు?”

“ఉన్నారు.”

“ఎంతమంది?”

“నేను బట్టలుతుకుతాను. మనుషుల్ని లెక్కపెట్టను.”

“ఇది చాలా ముఖ్యం వెల్డా. మా కొత్త మేనేజరు ఎలియట్ లేడూ, వాడికి ఇవే కావాలి. ముప్పై మూడేళ్లు వాడికి. చంకలో లాప్‌టాప్ లేకుండా స్నానానికి కూడా పోడు. పోయిన నెల కీటన్‌ని కూర్చోబెట్టి ‘నువ్వు జంతువైతే ఏ జంతువువి’ అని అడిగాడు.”

“వాడేమన్నాడు?”

“‘తిని పడుకునేది ఏదైనా సరే’ అన్నాడు. దాని మీద మాకు గంటన్నర మీటింగు. తినడం అంటే ఆకలి ఉన్నట్టా, పడుకోవడం అంటే బద్ధకం ఉన్నట్టా అని. బోర్డు మీద గీతలు కూడా గీశారు.”

“నువ్వేమన్నావు?”

“ఆవు అన్నాను. నా వైపు ఎవరూ చూడలేదు.”

“పాపం.”

“పాపం ఏంటి, నువ్వు నవ్వుతున్నావు.”

“నవ్వక ఏం చెయ్యను? సెప్టెంబరు నించి ఈ గదికి ఇరవై ఆరుమంది స్కౌట్లొచ్చారు. ఇరవై ఆరుమందీ ఎనభై ఎనిమిది నంబరు కీటన్ గురించే. ఎనభై ఎనిమిది పళ్లు తోముకుంటాడా, ఎనభై ఎనిమిది వాళ్లమ్మకి ఫోన్ చేస్తాడా. ఒకాయన వాడి చెడ్డీ సైజు కూడా అడిగాడు. ఇక్కడ నూట నాలుగుమంది కుర్రాళ్లున్నారు లైల్. నలభై తొమ్మిది గురించి అడిగినవాడు ఒక్కడున్నాడా?”

“నలభై తొమ్మిది ఎవడు?”

“అదీ సంగతి.”

“కాదు, నిజంగానే అడుగుతున్నాను. ఎవడు?”

“డర్క్ పావెల్కా. వాడూ కీటన్ ఆడే చోటే, టైట్ ఎండ్. కీటన్‌కి ఏమైనా అయితే ఆడాల్సినవాడు. కీటన్‌కి ఏమీ కాలేదు. నాలుగేళ్లు ప్రాక్టీసులో అందరి దెబ్బలూ వాడే తిన్నాడు. ఆట రోజు ఉతికిన చొక్కా వేసుకుని బెంచీ మీద కూచుని, ఉతికినట్టే తెచ్చి ఇచ్చేవాడు.”

“నీకు పని తక్కువ.”

“అవును. అందుకే ఎవరికీ తెలీదు వాడు.”

“సరే, వాడి సంగతి తర్వాత.”

“తర్వాతే. ఎప్పుడూ తర్వాతే.”

“ఆ యంత్రం కాసేపు ఆపు వెల్డా, వినపడి చావట్లేదు. ఇలా రా. ఇది చూడు. నా ప్రాణమంతా ఈ క్లిప్పులో ఉంది.”

“టాబ్లెట్ అద్దం పగిలిందే.”

“మొన్న ఎలియట్ మాట్లాడుతుంటే బల్ల మీద కొంచెం గట్టిగా పెట్టాను. అది వదిలెయ్యి. ఇదిగో, నవంబరు. మంచు కురిసిన ఆట. రెండో సగం. ఎనభై ఎనిమిదిని చూడు. ఎదురుగా ఉన్నవాడు రెండొందల డెబ్భై పౌండ్లు. వాడి చంకల కింద చేతులు పెట్టాడు. లేపాడు. తోసుకుంటూ పోయాడు. పోయాడు... ఇంకా పోతూనే ఉన్నాడు... గీత దాటారు. బ్యాండు మేళంలో పడ్డారు.”

“ట్యూబా వాయించే పిల్ల మీద. గుర్తుంది. ట్యూబాకి సొట్ట పడింది.”

“ఆ సొట్ట చూసే నేను వీణ్ని ప్రేమించాను! ఈ రోజుల్లో టైట్ ఎండ్ అంటే అందరూ బంతి పట్టేవాళ్లే. ఎగురుతారు, పడతారు, లేచి డాన్సు చేస్తారు. ఆ పని చెయ్యడానికి సన్నగా ఉండేవాళ్లు వేరే ఉన్నారు కదా! టైట్ ఎండ్‌కి రెండో పని కూడా ఉంది. బంతితో పరిగెత్తేవాడికి ముందు నిలబడి, అడ్డొచ్చినవాణ్ని పక్కకి తోసి దారి చెయ్యాలి. బ్లాకింగు. దానికి చప్పట్లుండవు, టీవీలో పేరు రాదు. అందుకే ఎవడూ చెయ్యడు. కీటన్ చేస్తాడు. మంచులో, చలిలో, ఎవడూ చూడకపోయినా చేస్తాడు.”

“మళ్లీ చూపించు.”

“చూశావా, నీకూ నచ్చింది.”

“మళ్లీ.”

“ఎన్నిసార్లయినా చూపిస్తాను. ఇంటి దగ్గర మా ఆవిడ మెర్నా ఈ బొమ్మ చూసి చూసి వేరే గదిలో పడుకుంటోంది.”

“లైల్.”

“ఊఁ.”

“అది కీటన్ అని నీకెవరు చెప్పారు?”

“అదేం ప్రశ్న? ఎనభై ఎనిమిది కదా.”

“చొక్కా ఎనభై ఎనిమిదే.”

“చొక్కా అంటే మనిషేగా!”

“మా చొక్కాల మీద పేర్లుండవు. ‘ముందు జట్టు, తర్వాతే మనిషి’ అంటాడు మా కోచ్. పేర్లు కుట్టించాలంటే ఖర్చని అసలు సంగతి.”

“అయితే?”

“అయితే ఏముంది, కొలాచీ తిను.”

“వెల్డా, నాకు కొలాచీ వద్దు. ఏంటి నువ్వనేది?”

“నేనేమీ అనట్లేదు. చొక్కాకి నెత్తురంటితే మార్చాలి, అది రూలు. నీకూ తెలుసు. నా పెట్టెలో అదనపు చొక్కాలు ఎప్పుడూ ఉంటాయి. ఎవడి ముక్కు పగిలితే వాడికి చేతికి అందింది తొడిగి తోలేస్తాను. ఎనభై ఎనిమిదివి రెండున్నాయి. అంతే.”

“ఆ రోజు ఎవడి ముక్కు పగిలింది?”

“ఆ చలికి అందరి ముక్కులూ ఎర్రగానే ఉన్నాయి.”

“వెల్డా! డర్క్ ముక్కేనా?”

“డర్క్ ముక్కు పెద్దదే.”

“మరి రెండో సగంలో కీటన్ ఎక్కడున్నాడు?”

“హీటరు దగ్గర కొందరు దుప్పట్లు కప్పుకుని కూచున్నారు. మంచు కళ్లలో కొడుతోంది. ఎవడెవడో నాకేం కనపడుతుంది?”

“ఆగు. ఆగాగు. ఈ కాలు చూడు.”

“ఏ కాలు?”

“ఎడమ కాలు. మొదటి అడుగు ఎడమ కాలితో వేశాడు. కీటన్ ఎప్పుడూ కుడి కాలే ముందు వేస్తాడు!”

“అవునా?”

“నా దగ్గర సెప్టెంబరు ఆట కూడా ఉంది, చూపిస్తానుండు. ఇదిగో కుడి... కాదు, ఇదీ ఎడమే. ఇది లెక్కలోకి రాదు, ఇక్కడ జారాడు. ఇదిగో, ఇది! కుడి! చూశావా, కుడి!”

“చూశాను.”

“మోచేతులు కూడా వేరు. మంచు ఆటలో మోచేతులు డొక్కలకి అంటుకుపోయి ఉన్నాయి.”

“చలికి లైల్.”

“చలికి కాదు! అది పుట్టుకతో రావాలి. నేర్పితే వచ్చేది కాదు. నడుము చూడు, ఎంత కిందికి దించాడో.”

“మంచు మోకాళ్ల దాకా ఉందయ్యా. సగం మనిషి అందులోనే ఉన్నాడు.”

“నువ్వు వాణ్ని వెనకేసుకు రాకు! కీటన్ నడుము వంగదు. వాడికి నడుమే లేదు. పైన జుట్టు, కింద బూట్లు, మధ్యలో ఏమీ లేదు. అబ్బా, ఆర్నెల్లు! ఆర్నెల్లు వేరేవాడి బ్లాకింగు చూసి వీడికి ప్రేమలేఖలు రాశాను.”

“నువ్వు చాలా తొందరపడుతున్నావు.”

“ముప్పై నాలుగేళ్లు వెల్డా. ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని. ‘నాకు నంబరు అక్కర్లేదు, పాదాలు చూపించు, మనిషి పేరు చెప్తాను’ అని ప్రతి హోటల్ బార్లోనూ కోతలు కోశాను. చొక్కా మీద రెండంకెలు చూసి బోల్తాపడ్డాను.”

“కోచ్‌ని అడగొచ్చుగా?”

“ఏప్రిల్‌లో కోచ్‌ని అడగడమా? వాడి కుర్రాడు మూడో రౌండులో పోతే వాడికి పేరు. పైగా ఈ సంగతి నా చెవిన పడిందని తెలిస్తే సాయంత్రానికి పాత క్లిప్పులన్నీ మాయం. ఏప్రిల్‌లో ఎవడూ నిజం చెప్పడు. నేను చెప్తానా? మొన్న పక్క టీము స్కౌటు హార్లన్ కనబడితే ‘కీటన్ మోకాలు వాచింది, జాగ్రత్త’ అన్నాను.”

“వాచిందా?”

“నాకేం తెలుసు? వాచి ఉంటే బాగుండునని అన్నాను, వాడు తీసుకోకుండా.”

“సిగ్గులేదు మీకు.”

“అది మా ఉద్యోగం. ఆ ఉద్యోగమే ఇప్పుడు పోయేలా ఉంది. మా ఉద్యోగం కాగితాలన్నీ జులై నెలాఖరు దాకానే. అవి ముగియగానే ముసలాళ్లని ఒక్కొక్కళ్లనీ లోపలికి పిలుస్తారు. చెయ్యి కలుపుతారు. ఒక టోపీ ఇస్తారు. టోపీ ఇచ్చారంటే ఇంటికి పొమ్మని. మా అందరి ఇళ్లలో ఆ టోపీలు మేకులకి వేలాడుతుంటాయి.”

“నీకూ ఇస్తాడంటావా, ఆ పిల్లాడు?”

“తయారుగా పెట్టుకున్నాడు. ‘ఈ కీటన్ నిలబడితే మీరూ ఉంటారు లైల్, లేకపోతే చూద్దాం’ అన్నాడు. ఇంకొక్క ఏడాది లాగితే నా పింఛను పూర్తవుతుంది వెల్డా. ఒక్క ఏడాది.”

“అయితే నోరు మూసుకుని కూచో. ఎవరికీ చెప్పకు. కీటన్‌నే తీసుకోండి. వాడు మంచి కుర్రాడే. బంతి పడతాడు, పలకరిస్తాడు. నీ పింఛను నీకొస్తుంది.”

“జులైలో శిక్షణ మొదలవుతుంది. మొదటిరోజే ఎవడో ఒక మూడొందల పౌండ్లవాడు కీటన్‌ని పిండిలా పిసుకుతాడు. అప్పుడు ఎలియట్ నా రిపోర్టు తీసి పైకి చదువుతాడు. అందరి ముందూ. నాకు టోపీ రావడం కన్నా అదే భయం.”

“జులై సంగతి జులైలో.”

“కాదు. ఇంకోటుంది. ఆ మంచులో వాణ్ని పదకొండు గజాలు తోసినవాడు ఒకడున్నాడు కదా. వాడు ఏమైపోయినట్టు? డర్క్. ఎక్కడున్నాడు వాడిప్పుడు?”

“పందుల లారీ నడుపుతున్నాడు. ఒమాహా దాకా తీసుకెళ్లి దించి వస్తాడు.”

“పందుల లారీ!”

“పందులు కూడా మంచి బరువే. వాటినీ తొయ్యాలి.”

“ఎవరి పిల్లాడు?”

“ఇక్కడివాడే. వాళ్లమ్మ దాణా గోడౌన్‌లో పని చేస్తుంది. నాన్న లేడు. ఎంతుంటాడో అడగవా?”

“ఎంతుంటాడు?”

“ఆరడుగుల నాలుగు. రెండొందల యాభై దాటాడు. ఈ చొక్కాలు వాడికి భుజాల దగ్గర బిగుసుకుంటాయి.”

“ఇటు చూడు, ఈ బొమ్మలో కూడా భుజాల దగ్గర బిగుతుగా లేదూ?”

“లోపల రెండు స్వెట్టర్లు వేసుంటారు లైల్, ఆ చలికి.”

“బిగుతుగానే ఉంది. నేను ఎలియట్‌కి ఫోన్ చేస్తున్నాను.”

“ఇప్పుడే ఎందుకు? తిను ముందు. ఇంటికెళ్లి మెర్నాతో మాట్లాడు. రాత్రికి చల్లబడి రేపు చెయ్యి.”

“రేపటికి ధైర్యం ఉండదు. స్పీకరు పెడుతున్నాను, నువ్వు మాట్లాడకు. నీ పేరు నేను చచ్చినా చెప్పను. మోగుతోంది... హలో, ఎలియట్ గారూ, నేనండీ, లైల్‌ని.”

“‘వాడు’ కాస్తా ‘గారు’ అయ్యాడే.”

“ష్ష్!”

“లైల్, చెప్పండి. ఒక్క నిమిషమే ఉంది నాకు. కీటన్ రాష్ గురించేనా? మీ ఎనిమిది పేజీల రిపోర్టు నా ముందే ఉంది. ‘ఈ కుర్రాడు తోస్తే చర్చి కూడా జరుగుతుంది’ అని రాశారు. మా ఆఫీసులో అందరం ఈ వాక్యం చదువుకుని నవ్వుకుంటున్నాం.”

“అది కొట్టేయండి ఎలియట్ గారూ.”

“ఆ వాక్యమా?”

“కుర్రాణ్ని.”

“ఏమన్నారు?”

“కీటన్‌ని జాబితాలోంచి కొట్టేయండి. మూడో రౌండుకి తగినవాడు కాదు. బంతి పడతాడు, అంతే. అడ్డం నిలబడలేడు.”

“ఆర్నెల్లుగా మీరే కదా బల్ల గుద్దింది? కొత్త బల్లకి నేనే సంతకం పెట్టాను.”

“నాదే తప్పు. మంచు ఆటలో నేను చూసింది కీటన్‌ని కాదు. వాడి చొక్కా వేసుకున్న ఇంకొకణ్ని. డర్క్ పావెల్కా అని, నలభై తొమ్మిది.”

“ఒక్క క్షణం. లాప్‌టాప్‌లో చూస్తున్నాను... పావెల్కా... నాలుగేళ్లలో కలిపి ఆడింది ఆరు నిమిషాలు. పట్టిన బంతులు సున్నా. ఫొటో కూడా లేదు. లైల్, ఈ కుర్రాడు నిజంగా ఉన్నాడా?”

“లాప్‌టాప్‌కి ముక్కులోంచి నెత్తురు కారదు ఎలియట్ గారూ.”

“అంటే?”

“అంటే అందులో అన్నీ ఉండవని. చొక్కాలు మారాయి. మిగతాది నన్నడక్కండి.”

“మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. నేనే కనిపెట్టాను. పాదాలు చూసి. ఎడమ కాలు ముందు వేస్తాడు.”

“పాదాలు చూసి.”

“అవునండీ. ముప్పై నాలుగేళ్లుగా చూస్తున్న పాదాలు.”

“సరే. మీరు తప్పు చేశానని ఒప్పుకోవడం నేను మొదటిసారి వింటున్నాను. అందుకోసమైనా వింటాను. కీటన్‌ని తీసేస్తున్నాను. శనివారం ఏడో రౌండులో మనకి ఆఖరి వంతు ఒకటుంది. దానికి నా దగ్గర ఎవరూ లేరు. అది మీ పావెల్కాకి ఇచ్చేద్దాం. కానీ లైల్...”

“చెప్పండి.”

“మూడో రౌండు ఆటగాణ్ని మీ మాట మీద వదులుకుంటున్నాను. జులైలో ఈ కుర్రాడు నిలబడితే మీరు ఉంటారు. మీ ఏడాది మీకిస్తాను. వాడు పడిపోతే మాత్రం మీకోసం నేనేమీ చెయ్యలేను.”

“టోపీ పంపించండి. నా తలకాయ సైజు ఏడున్నర.”

“లైల్, అంత మాట వద్దు, నువ్వు...”

“ఎవరది? మీ పక్కన ఎవరో ఆడమనిషి...”

“టీవీ అండీ! హోటల్ గదిలో టీవీ. ఉంటానండీ, ఉంటాను... అబ్బ. మాట్లాడకన్నానుగా వెల్డా!”

“ఎందుకయ్యా అంత పందెం కాశావు? నీకేమైనా పిచ్చా?”

“కాశాను. నా కళ్ల మీద కాశాను. ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి ఎవడూ చూడని కుర్రాణ్ని నేనొక్కణ్నే చూశాను. ఇరవై ఆరుమంది స్కౌట్లు వచ్చి వెళ్లారు, ఒక్కడికీ తట్టలేదు. హార్లన్ మొహం ఎలా పెడతాడో తల్చుకుంటేనే కడుపు నిండుతోంది.”

“వాడు నిలబడకపోతే?”

“నిలబడతాడు. పాదాలు అబద్ధం చెప్పవు.”

“కీటన్ సంగతేంటి మరి?”

“వాడికేం, ఇంకో నాలుగు టీములు గోళ్లు కొరుక్కుంటూ కూచున్నాయి వాడి కోసం. శుక్రవారం సాయంత్రానికి వాడి జుట్టు టీవీలో ఉంటుంది. నువ్వు వాడి గురించి బెంగ పెట్టుకోకు.”

“లేదులే. నేను బెంగ పెట్టుకున్నది వాడి గురించి కాదు.”

“వెల్డా, ఇరవై రెండేళ్లుగా ఈ గదికి వస్తున్నాను. ఏప్రిల్‌లో నాకు నిజం చెప్పిన మనిషివి నువ్వొక్కదానివే.”

“నేను నీకేం చెప్పాను? బాగా గుర్తు తెచ్చుకో. నేనేమీ చెప్పలేదు.”

“అదే నీ గొప్పతనం. ఏమీ చెప్పకుండా అంతా చెప్పావు. ఇలా రా, ఒకసారి కావిలించుకోనీ.”

“వదులు, నీ చొక్కా నిండా చక్కెర పొడి.”

“ఉతుకుదువుగానిలే. వస్తాను.”

“లైల్.”

“ఆఁ?”

“ఆ డర్క్ లేడూ...”

“ఏంటి, చెప్పు.”

“ఆప్రికాట్‌వి పట్టుకెళ్లు. మెర్నాకి ఇష్టం కదా.”

లైల్ కారు వెళ్లిపోయింది. వెల్డా ఫోన్ తీసింది.

“డర్క్. డర్క్! లేవరా.”

“ఎవరూ... ఇప్పుడే పడుకున్నా. రాత్రంతా లారీ మీదే ఉన్నా.”

“శనివారం నీకొక ఫోనొస్తుంది. ఎత్తు. ‘అలాగే సార్’ అను. ఆవలించకు.”

“ఎవరి ఫోను? పందుల కంపెనీయా?”

“ఫుట్‌బాల్ టీము. నిన్ను డ్రాఫ్ట్‌లో తీసుకుంటున్నారు. ఏడో రౌండు.”

“ఎవర్ని?”

“నిన్నేరా.”

“పొద్దున్నే తాగావా?”

“పొద్దున్న కాదు, మధ్యాహ్నం మూడయింది. ఇంకా తాగలేదు. ఇప్పుడు తాగుతాను.”

“నన్నెందుకు తీసుకుంటారు? నేనేం చేశానని?”

“మంచు కురిసిన ఆట ఉంది చూడు. రెండో సగంలో ఎనభై ఎనిమిది చొక్కాతో ఒకణ్ని బ్యాండు మేళంలోకి తోశావు.”

“అది కీటన్ కదా!”

“ఒక ముసలాయన కాదన్నాడు. నేను ఆపబోయాను, వినలేదు. పాదాలు చూసి నువ్వేనని తేల్చాడు. తన పింఛను తీసుకొచ్చి నీ భుజాల మీద పెట్టి వెళ్లాడు. అందుకని ఇవాళే లే. జులై దాకా రోజూ తొయ్యి. పందిని తొయ్యి, లారీని తొయ్యి, గోడౌన్ గోడని తొయ్యి. ఆయనకి టోపీ రాకూడదు. అర్థమైందా?”

“ఏం టోపీ? నాకేమీ అర్థం కావట్లేదు. ఆగు పెద్దమ్మా, ఒక్క నిమిషం ఆగు. ఆ మంచు ఆట రోజు నేను మైదానానికే రాలేదు కదా. నూట మూడు జ్వరంతో మీ ఇంట్లో సోఫా మీద పడున్నాను!”

“తెలుసురా. నీకు సూప్ తాగించి, దుప్పటి కప్పి ఆటకి వెళ్లింది నేనే కదా.”